సభలో చెప్పిన చెట్టు

బల్ల కింద, తొడ మీద పెట్టుకున్న ఫోను వణికింది. ఉపమంత్రిగారు లేచి, అధ్యక్షులవారికి వందనాలు, చర్చలో పాల్గొన్న గౌరవ సభ్యులకు కృతజ్ఞతలు అంటూ ఇంకా వాకిట్లోనే తచ్చాడుతున్నారు కాబట్టి నారాయణస్వామి తల వంచి చూశాడు. శాంతాదేవి. బాగన్ దాతుక్ కొబ్బరితోటల్లో తనతో పాటు ఒకే వరస ఇళ్లలో పుట్టి పెరిగిన మనిషి, రక్తసంబంధం లేకపోయినా చెల్లెలే. ఒక వీడియో పంపింది, దాని కింద తన గొంతు. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ దూర్చుకుని విన్నాడు. "వైబీ అన్నా! సూసినావా? పునిత పంపినాదన్నా! రోజూ చెట్టే కదా పంపుతాది, ఇయ్యాల నీ వీడియో పంపినాది లా! నువ్వు మాటాడినది అది సూసీసినాది. అక్కడ కూకోని సూసీసినాది!" వైబీ అంటే గౌరవనీయులైన సభ్యులవారు, మలేసియా అంతా పిలిచే ఆ పిలుపుకు శాంతాదేవి ఒక అన్నను తగిలించుకుంది, మాట చివర ఇక్కడి ఊతపదం 'లా'ను కూడా. నవ్వో ఏడుపో తెలియని గొంతు, వెనకాల ఆమె పనిచేసే పోర్ట్ క్లాంగ్ గోడౌన్‌లో పెట్టెలు దించే బండ్ల కూతలు. ఇంతకీ ఏ వీడియో అని వేలితో తాకాడు. తెర మీద తనే ఉన్నాడు. ముప్పావుగంట కిందట ఇదే కుర్చీ ముందు నిలబడి, కోటు బొత్తాం సరిచేసుకుని, గడ్డం పైకెత్తి, "బుకాన్ తమిళ్, తువాన్ యాంగ్ డి-పెర్తువా. తెలుగు" అంటున్నాడు. తమిళం కాదు అధ్యక్షా, తెలుగు. అంతే, అక్కడికి అయిపోయింది. కింద ఒక్క అక్షరం లేదు. చెట్టు లేదు.

పునిత ఎందుకు పంపుతుంది? శాంతాదేవి కూతురు, మయన్మార్‌లో ఎక్కడో బందీగా ఉన్న పునిత దగ్గరున్నది ఒక పాత ఫోను, అక్కడి వంటామె చేతిలో వెండి గొలుసు పెట్టి సంపాదించుకున్నది, స్నానాల గదిలో ఎక్కడో దాచుకుంటుంది. ఇక్కడ మనం టీ తాగే వేళకు తలుపు గడియ వేసుకుని, ఫోను తెరిచి, తల్లికి ఒక కొబ్బరిచెట్టు బొమ్మ నొక్కి, మళ్లీ కట్టేస్తుంది. మొదటిసారి మాత్రం గుసగుసగా సంగతంతా చెప్పింది, ఆ తర్వాత మాట లేదు, ఫోటో లేదు. చెట్టు వచ్చిందంటే పిల్ల బతికి ఉంది. చెట్టు రాని రోజు శాంతాదేవి అన్నం ముట్టదు. అలా ఊపిరి బిగబట్టి ఒక బొమ్మ నొక్కే పిల్ల, తీరిగ్గా కూర్చుని మలేసియా పార్లమెంటు వీడియో వెతికి, చూసి, మెచ్చుకుని, తల్లికి పంపుతుందా? తల్లి అలాగే అనుకుంది. తల్లికి నెత్తిన పాలు పోసినట్టు ఉంది. నారాయణస్వామి మాత్రం వీడియోను మరోసారి తాకాడు, తెర మీద తను మరోసారి గడ్డం పైకెత్తాడు. ఇది పునిత పంపింది కాకపోతే ఆ ఫోను మరొకరి చేతిలో ఉంది. ఆ మాట మనసులో కూడా పూర్తిగా అనలేక మధ్యలో ఆపేశాడు. ఉపమంత్రిగారు విదేశాంగ విధానం మూలసూత్రాల దగ్గరికి వచ్చారు. పొరుగు దేశాల సార్వభౌమత్వం, ఆసియాన్ కుటుంబ స్ఫూర్తి.

పేరు చెప్పలేదు. అది నిశ్చయం. పేరు చెప్పకన్నా అని శాంతాదేవి మరీ మరీ చెప్పింది, నియోజకవర్గం ఆఫీసుకు వచ్చి, బల్ల మీద కూర కూరిన వేడి కారిపాప్‌ల పొట్లం పెట్టి, కుర్చీ అంచున కూర్చుని. "పేరొకటీ సెప్పకు. మిగిలినది సెప్పన్నా. పోలీసోళ్లకి సెప్పినాం, ఎంబసీకి సెప్పినాం, అందరూ సూస్తాం సూస్తాం అన్నోళ్లే. పెద్ద సభలో నువ్వు సెప్తే ఏటో ఒకటి సేస్తారు లా." అందుకే పేరు తీసేశాడు. ఊరు తీసేశాడు. ఇరవయ్యారేళ్లని ముప్పయ్యి దాటిందన్నాడు. బ్యాంకాక్ హోటల్లో ఉద్యోగమని విమానం ఎక్కించి, దిగాక బండిలో కుక్కి, బండి దిగాక పడవ ఎక్కించి, మయన్మార్ ఒడ్డున కంచె వెనకాలకు తోసేశారని చెప్పాడు, అయితే అది అక్కడున్న వందలమంది కథే. పాస్‌పోర్టు లాక్కున్నారని చెప్పాడు, అదీ అందరి కథే. ఊరూ పేరూ తెలియని మనుషులతో ఫోనులో తీయగా మాట్లాడి వాళ్ల బ్యాంకులో ఉన్నది ఊడ్చేయాలని, లేకపోతే కొడతారని చెప్పాడు. అన్నీ అందరివే. ఇంత జాగ్రత్త పడ్డాను కదా అనుకున్నాడు నారాయణస్వామి, కోర్టు బోనులో నిలబడి జడ్జీకి చెప్పుకున్నట్టు. జడ్జీ ఎవరో కనపడలేదు. పైన గ్యాలరీలో స్కూలు పిల్లలు ఒకళ్ల భుజం మీద ఒకళ్లు తల పెట్టి నిద్రపోతున్నారు.

మరి ఫోను? ఫోను సంగతి చెప్పాడా? చెప్పాడు. చెప్పకపోతే ప్రసంగం నిలబడదనిపించింది, అప్పుడు. వెనక బెంచీ సభ్యుడి బతుకు ఏమిటో వెనక బెంచీలో కూర్చున్నవాడికే తెలుస్తుంది. పేరు పిలిచేదాకా పొద్దంతా కాచుకోవాలి. ఇచ్చేది పది నిమిషాలు, అందులో రెండు నిమిషాలు అభివందనాలకే సరి. నువ్వు నోరు తెరిచే సమయానికి ముందు వరసలు తే తారిక్ చాయ్ తాగడానికి క్యాంటీన్‌కు పోతాయి. ఎస్టేటు బడుల్లో మరుగుదొడ్ల గురించి మాట్లాడాడు, ఖాళీ కుర్చీలు విన్నాయి. ఈ నేలమీదే పుట్టి, కాగితం లేక, డెబ్బయ్యేళ్లొచ్చినా ఎర్ర కార్డుతో పరాయివాళ్లుగా బతుకుతున్న ముసలమ్మల గురించి మాట్లాడాడు, పక్కవాడు ఆవులించాడు. మయన్మార్ మీద మన విధానం మెత్తగా ఉందన్నాడు, అధ్యక్షులవారు గడియారం చూపించారు. ఏడేళ్లుగా ఇదే వరస. ఇవాళ మాత్రం, "ఆ అమ్మాయి ఒక ఫోను దాచుకుంది అధ్యక్షా, ఈ క్షణంలో కూడా అది ఆమె దగ్గరే ఉంది" అన్నాడో లేదో, తలలు తిరిగాయి. ఒక మంత్రి చదువుతున్న కాగితం కింద పెట్టాడు. తలుపు దాకా వెళ్లిన ఇద్దరు అక్కడే ఆగిపోయారు. ఏడేళ్ల తర్వాత మొదటిసారి తన గొంతు ఆ హాల్లో తనకే వినపడింది. బాగుంది. అబద్ధమెందుకు, చాలా బాగుంది. ఆ బాగుండడంలోనే మిగిలిందంతా జరిగింది.

దాచుకుంది అని తనే చెప్పాడు. దాచుకున్న వస్తువును దాచుకుందని లోకమంతా వినేలా అరిచి చెప్పిన ప్రబుద్ధుడు! అయినా, అక్కడ ఎంతమంది మలేసియా పిల్లలున్నారు, ఫోను ఏ పిల్ల దగ్గరుందో ఎవరికి తెలుస్తుంది, అందరినీ వెతకాలి కదా, వెతికేలోపు పారేయవచ్చు కదా. మనసు ఇలా గోడ పట్టుకుని గోడ పట్టుకుని నడుస్తోంది. పక్క సీట్లోంచి తినగరన్ మోచేత్తో పొడిచాడు. తినగరన్ తమిళుడు, ఒకే పార్టీ, ఒకేసారి గెలిచారు, ఒకే బెంచీ. "ఎన్న బ్రో, మొహమంతా చెమట? నీ వీడియో అప్పుడే రెండు లక్షల మంది చూశారట. ఇవాళ నువ్వే హీరో లా" అన్నాడు తమిళంలో. రెండు లక్షలు. ఆఫీసు కుర్రాళ్లు ప్రసంగాన్ని ముక్కలు కోసి, సంగీతం తగిలించి, వెంటనే వదులుతారు. అలా చేయమని చెప్పింది తనే. ఆ రెండు లక్షల్లో కంచె వెనకాల కాపలా కాసేవాళ్లు ఎంతమంది? మోసం నేర్పే మేస్త్రీల్లో మనవాళ్లూ ఉన్నారని, మలాయ్ భాష వచ్చినవాళ్లు, ఇక్కడి వార్తలు రోజూ చూసేవాళ్లు ఉన్నారని శాంతాదేవే కదా చెప్పింది. ఇరవైసార్లు విన్నాడు ఆ మాట. విని కూడా అది ఎక్కడో జరిగే సంగతిగా అనుకున్నాడు.

తినగరన్. అవును, తినగరన్‌తోనే వచ్చింది. పాపం అతను సాయానికే లేచాడు. మధ్యలో అడ్డుతగిలి, "గౌరవ సభ్యులు చెప్పిన ఆ తమిళ అమ్మాయి విషయంలో ప్రభుత్వం ఎందుకు ఆలస్యం చేస్తోంది?" అన్నాడు, బల్ల కూడా చరిచాడు. అంతే. మరొకడైతే థాంక్స్ చెప్పి ముందుకు పోయేవాడు. నారాయణస్వామి పోలేదు. పోలేడు. పుట్టినప్పటినుంచి ఈ ఒక్క మాట దగ్గరే అతని కాలు ఆగిపోతుంది. తోటలో గుమాస్తా అందరినీ కలిపి తమిళులు అని రాసుకున్నాడు. బడిలో తమిళమే. గుడిలో తమిళమే. ఐసీ గుర్తింపు కార్డు దగ్గర, జనాభా లెక్కల దగ్గర, పెళ్లిపిలుపుల దగ్గర, చావుల దగ్గర, మేం వేరే, మాది వేరే అని తండ్రి కాంతయ్య సంతకం పెట్టే ప్రతిచోటా తగవు పెట్టుకునేవాడు. ఆ తగవు కొడుక్కి ఆస్తిగా వచ్చింది. సభలో ఎవరు ఎప్పుడు తమిళం అన్నా ఈయన లేచి సరిదిద్దుతాడని అందరికీ తెలుసు, లేవబోతుండగానే అటుపక్క బెంచీలు "తెలుగు! తెలుగు!" అని ముందే ఆటపట్టిస్తాయి. ఇవాళా ఆటపట్టించారు. ఇవాళా లేచాడు. తమిళం కాదు అధ్యక్షా, తెలుగు. అక్కడితో ఆగినా బాగుండేది. విన్నారు కదా, తలలు తిరిగి ఉన్నాయి కదా, ఇంక నోరు ఆగుతుందా? "మా నాయనమ్మల భాష మాట్లాడే పిల్ల అధ్యక్షా. ఆ భాషలోనే, మా ముత్తాతలు ఓడెక్కిన విశాఖ తీరం మనుషుల్ని మోసం చేయమని ఆ పిల్లను కొడుతున్నారు."

నారాయణస్వామి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. అక్కడ మలేసియా పిల్లలు ఎంతమందైనా ఉండనీ. తమిళం వచ్చినవాళ్లు గదినిండా ఉండనీ. తెలుగు వచ్చిన మలేసియా పిల్ల ఒక్కతే. పేరు తీసేశాడట, ఊరు తీసేశాడట, వయసు మార్చాడట! వాటన్నిటికంటే పెద్ద గుర్తును మైకు ముందు నిలబెట్టి, గడ్డం పైకెత్తి, అది వాళ్లకు సరిగ్గా వినపడిందో లేదోనని రెండోసారి కూడా చెప్పాడు. ఆ పిల్ల మెడ మీద చెయ్యి వేసి ఇదిగో ఇదే అని చూపించాడు. ఎవరో తలమీద బండతో మోదినట్టయింది. నేనేనా? నా నోరేనా? సభ తిరుగుతోంది, నీలం తివాచీ, గోధుమరంగు బల్లలు, అధ్యక్షులవారి ఎత్తైన కుర్చీ, అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. ఉపమంత్రిగారి గొంతు మాత్రం గంట కొట్టినట్టు వినపడుతోంది. "గౌరవ సభ్యులు ప్రస్తావించిన తెలుగు అమ్మాయి విషయంలో..." అయ్యా, అనకండి. ఏడేళ్లుగా ఒక్క మంత్రి నోట ఆ మాట అనిపించాలని తపించిపోయాను, ఇవాళ మాత్రం అనకండి. "ఆ తెలుగు అమ్మాయి కుటుంబానికి..." అధికారపక్షం బల్లలు చరిచింది. ప్రతి దెబ్బా ఆ పిల్ల వీపు మీద పడుతున్నట్టుంది.

పునిత తెలుగు నేర్చింది కూర్మమ్మ దగ్గర. కూర్మమ్మ శాంతాదేవి తల్లి, బాగన్ దాతుక్‌లో కొబ్బరికాయలు వలిచీ వలిచీ అరచేతులు చెక్కలైపోయిన ముసలిది. తల్లి క్లాంగ్‌లో పనికి పోతే పిల్ల అమ్మమ్మ ఒళ్లో పెరిగింది, ఆ ముసలిదానికి మరో భాష రాదు గనక పిల్లకూ అదే వచ్చింది. తక్కిన పిల్లలకు అర్థమవుతుంది, బదులు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. నారాయణస్వామి సొంత కొడుకు కిశోర్‌కుమార్ అంతే, అన్నం తిన్నావా అంటే యెస్ పా అంటాడు. ఆమధ్య ఉగాదికి తెలుగు సంఘం హాల్లో నారాయణస్వామి మాతృభాష గొప్పదనం మీద మలాయ్‌లో ఉపన్యాసం దంచి కిందికి దిగితే, గులాబీ రంగు పంజాబీ డ్రెస్సులో పునిత ఎదురొచ్చింది. "మావా, నువ్వు బలే మాటాడతావు గానీ, తెలుగు గురించి ఇంతసేపు సెప్పి తెలుగులో ఒక్క ముక్క మాటాడలేదేటి? సిగ్గేటి?" హాలు గొల్లుమంది. అతనూ నవ్వాడు, నవ్వుతూ ఉంటే కళ్లు తడి అయ్యాయి, ఎందుకంటే అది అచ్చం చచ్చిపోయిన తన తల్లి గొంతు, ఆ సాగదీత, ఆ ఏటి, ఆ పెంకితనం. ఆ వయసు పిల్ల నోట ఆ గొంతు వింటానని అతను ఏనాడూ అనుకోలేదు. ఇంటికెళ్లాక భార్యతో, మన భాష ఇంకో తరం బతుకుతుంది చూడు అన్నాడు. బతకడం! ఆ గొంతు కోసమే కదా వాళ్లు ఆ పిల్లను పెట్టుకున్నది. ఆ గొంతును గుర్తుగా చూపించే కదా ఇవాళ తను పట్టించింది.

అప్పుడు చెట్టు గుర్తొచ్చింది. రాకపోయినా బాగుండును. లేదు, చెట్టు సంగతి చెప్పలేదు, కాగితంలో రాసుకోలేదు, రాసుకోనే లేదు. రాసుకోకపోతే? ప్రసంగం చివర దీపం ఎర్రబడ్డాక, ఇంకొక్క నిమిషం అధ్యక్షా అని అడిగి తీసుకున్న నిమిషంలో ఏమన్నాడు? గుర్తుచేసుకోవడానికి భయపడుతూనే గుర్తుచేసుకున్నాడు. ఆ నిమిషంలో గొంతు వణికింది, నిజంగానే వణికింది, నటన కాదు. "ఆ పిల్ల మాట కూడా పంపలేదు అధ్యక్షా. రోజూ తల్లికి ఒక కొబ్బరిచెట్టు బొమ్మ పంపుతుంది. చెట్టు వస్తే బతికి ఉన్నట్టు. ఈ సభ ఆ చెట్టుకు జవాబు చెప్పాలి." ప్రతిపక్షం నుంచి ఒకావిడ కళ్లు తుడుచుకుంది. కూర్చున్నాక తినగరన్ భుజం తట్టి, చెట్టు మాట అదిరిపోయింది బ్రో అన్నాడు. అవును అదిరింది. తల్లీ కూతుళ్ల మధ్య ఉన్న ఒకే ఒక్క దారం, ఇంకెవరికీ తెలియనిది, శాంతాదేవి కారిపాప్‌లు ముందు పెట్టుకుని ఏడుస్తూ తనకొక్కడికి చెప్పుకున్నది, దాన్ని తీసుకెళ్లి చప్పట్ల కోసం, సరే, చప్పట్ల కోసం కాదు, న్యాయం కోసమే, న్యాయం కోసమూ చప్పట్ల కోసమూ, నడిసభలో పరిచాడు.

మళ్లీ వీడియో వంక చూశాడు. ఎవరు పంపారు? కాపలావాళ్లు పంపి ఉంటే, మాకు తెలిసిపోయింది అని చెప్పడానికి పంపారు, ఇంక చేయగలిగింది లేదు. కానీ పునితే పంపి ఉంటే? పక్క బల్ల దగ్గర ఎవడో ఆ వీడియో చూస్తూ ఉంటే చూసి, గుండె జారిపోయి, స్నానాల గదిలోకి పరుగెత్తి, తెలుగు అన్న ఆ ముక్క మాత్రం కోసి తల్లికి పంపి ఉంటే? మావా, ఇదేటి సేసినావు అని అడగడానికి ఇంకో దారి లేక? అలా అయితే ఇంకా కాస్త వ్యవధి ఉంది. కాస్తంటే ఎంత? ఆ వీడియో అక్కడ పెద్దమేస్త్రీ కళ్లబడేదాకా. ఏం చేయాలి? తమిళ అమ్మాయే అధ్యక్షా, నేను పొరబడ్డాను అంటే? నోటిదాకా వచ్చింది. వెంటనే పక్కన తినగరన్ కూర్చుని కనపడ్డాడు, అక్కడ గదినిండా ఉన్న తమిళ పిల్లలు కనపడ్డారు. ఒక పిల్ల మీంచి దెబ్బ తప్పించి పదిమంది పిల్లల మీదికి తోయడమే అవుతుంది. వాళ్లకూ తల్లులున్నారు, వాళ్లకూ ఏవో చెట్లో పువ్వులో ఉండే ఉంటాయి. అది కాదు. మిగిలింది ఒకటే. అసలు ఆ పిల్లే లేదనడం. ఫోను లేదు, చెట్టు లేదు, అంతా నా కల్పన అనడం. వాళ్లు నమ్ముతారా? నమ్మరేమో. సగం నమ్మినా, ఆ సగంలో ఫోనును నీళ్లలో పారేసుకునే వీలు ఆ పిల్లకు దొరకవచ్చు. పైగా, గౌరవ సభ్యుడు నిజం చెప్పాడన్న వీడియో కంటే, గౌరవ సభ్యుడు అబద్ధమాడి దొరికాడన్న వీడియో పదింతలు పరుగెడుతుంది. ఈ సంగతి ఈ హాల్లో తెలియనివాడు లేడు.

లేచాడు. మాట్లాడే అవకాశం ఇవ్వమని చెయ్యెత్తితే, పొగడ్తలు వస్తాయనుకున్న ఉపమంత్రిగారు చిరునవ్వుతో కూర్చున్నారు. "అధ్యక్షా, నేను ఇందాక చెప్పిన అమ్మాయి విషయం వెనక్కి తీసుకుంటున్నాను." అధ్యక్షులవారు కళ్లజోడు సర్దుకున్నారు. ఏ మాట వెనక్కి తీసుకుంటున్నారు? "మొత్తం. ఆ అమ్మాయి లేదు. అలాంటి కేసు నా దగ్గరకు రాలేదు. వార్తల్లో చదివినవి కొన్ని కలిపి, సభను కదిలిద్దామని అల్లాను. ఫోను అల్లాను. చెట్టు కూడా అల్లాను." ఇంతటితో ఆగితే చాలదని అతనికి తెలుసు, ఎందుకంటే అసలు ముల్లు ఇంకా తియ్యలేదు. కుర్చీ పట్టుకుని ఆ మాట కూడా అనేశాడు. "మా పిల్లల్లో ఇవాళ తెలుగు మాట్లాడేవాళ్లు ఎక్కడున్నారు అధ్యక్షా? నా సొంత కొడుక్కే రాదు. నాయనమ్మల భాష మాట్లాడే ఆ వయసు పిల్ల ఈ దేశంలో ఒక్కతి కూడా లేదు. ఉంటే బాగుండునని నేను కల్పించుకున్నాను." ఎవరో ముందు కిసుక్కుమన్నారు. తర్వాత ప్రతిపక్షమంతా లేచింది. సిగ్గు సిగ్గు అన్నారు, రాజీనామా అన్నారు, ఇందాక కళ్లు తుడుచుకున్న ఆవిడ అందరికంటే గట్టిగా అరిచింది. సభను తప్పుదారి పట్టించినందుకు విషయం సభా హక్కుల కమిటీకి వెళుతుందని అధ్యక్షులవారు చెబుతున్నారు. ఉపమంత్రిగారు తన ఫైలు మూసి, తెలుగు అమ్మాయి పేజీని చేత్తో పక్కకు తోశారు. తినగరన్ నోరు తెరిచి అలాగే చూస్తున్నాడు, ఏడేళ్ల స్నేహంలో ఎన్నడూ చూడనట్టు. చూస్తూ చూస్తూ తన కుర్చీని కొద్దిగా అటుగా జరుపుకున్నాడు.

నారాయణస్వామి కూర్చున్నాడు. అవమానం వస్తుందనుకున్నాడు, రాలేదు, దానికి లోపల చోటు లేదు. కోయండి, కుర్రాళ్లారా, త్వరగా కోయండి, సంగీతం తగిలించండి, నా మొహం మీద ఏ బొమ్మ కావాలంటే అది అతికించండి, రెండు లక్షలు కాదు ఇరవై లక్షలకు పంపండి. ఆ కంచె వెనకాల ప్రతి తెర మీదా నన్ను చూసి నవ్వండి. ఈ అరుపుల్లో తండ్రి కాంతయ్య ఎందుకో గుర్తొచ్చాడు, గుమాస్తా బల్ల ముందు చొక్కా లేకుండా నిలబడి, మేం తెలుగువోళ్లం దొరా అంటూ. నాన్నా, ఇవాళ పెద్ద రికార్డులోనే రాయించాను, మనం లేమని రాయించాను. ఫోను వణికింది. చూడాలంటే భయమేసింది, చూడకపోతే ఇంకా భయమేసింది. ఇయర్‌ఫోన్ దూర్చుకున్నాడు.

"అన్నా, ఏటదీ? గోడౌన్‌లో అందరం కలిసి సూస్తన్నాం. నా కూతురు లేదన్నావేటి? నేను దాన్ని కనలేదేటి? మా అమ్మ పెంచలేదేటి? ఎవులు నిన్ను బెదిరించినారన్నా? సెప్పు. ఏల అలాగన్నావు?" జవాబు చెప్పాలి. ఏమని? ఇది నీ కూతురి కోసమేనమ్మా అని చెబితే, ఆ మాట ఈమె ఉండబట్టలేక కూతురికి పంపితే, ఆ ఫోను ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో? ఒక్క ముక్క కూడా చెప్పకూడదు. ఆమె ముందు కూడా అబద్ధాలకోరుగానే ఉండాలి, ఎన్నాళ్లో తెలియదు. బొటనవేలు అక్షరాల మీద ఊరికే తిరిగింది. ఎదుటి బెంచీల్లో ఎవరో, ఆ చెట్టు ఎక్కడుంది వైబీ, పార్లమెంటు తోటలో నాటుదామా అని అరిస్తే మళ్లీ నవ్వులు. అధ్యక్షులవారు సుత్తితో బల్ల కొడుతున్నారు.

ఫోను మళ్లీ వణికింది. ఈసారి ముందు బొమ్మ వచ్చింది, పునిత పంపినదాన్ని శాంతాదేవి తనకు పంపింది. కొబ్బరిచెట్టు. అదే చెట్టు, వంగిన మాను, పచ్చటి ఆకులు, ఎప్పుడూ వచ్చేదే. దాని వెనకే గొంతు, పరుగెత్తి వచ్చి చెబుతున్నట్టు. "అన్నా! చెట్టు వచ్చినాది! ఇప్పుడే వచ్చినాది లా! నువ్వన్న మాటకి నాకు శానా కోపమొచ్చినాది గానీ పోన్లే అన్నా, నీ కట్టాలేటో నీకున్నాయి. చెట్టు వచ్చీసినాది, అదే సాలు. నా కూతురు ఉన్నాది. ఉన్నాది కదన్నా? నువ్వు కూడా ఒక్కసారి సెప్పు, నాకు దైర్యంగా ఉంటాది. ఉన్నాది కదా?"

అతను చెట్టు వంక చూస్తూ ఉండిపోయాడు. నిన్నటిదాకా ఆ చెట్టు అర్థం లోకంలో ముగ్గురికే తెలుసు, నొక్కే పిల్లకు, అందుకునే తల్లికి, తనకు. అందుకే అది వస్తే నమ్మకం. ఇవాళ మధ్యాహ్నం నుంచి అది ఎవరికైనా తెలుసు. ఆ ఫోను దొరికిన ఎవడైనా, తల్లి నోరు మూయించడానికి, నవ్వుకుంటూ ఒక చెట్టు నొక్కగలడు. రేపు నొక్కగలడు, ఎల్లుండి నొక్కగలడు, ఏడాది పొడుగునా రోజూ టీ వేళకు నొక్కగలడు, శాంతాదేవి రోజూ అన్నం తింటుంది. పునిత నొక్కిన చెట్టుకూ వాడు నొక్కిన చెట్టుకూ తేడా ఉండదు. "ఉన్నాదమ్మా" అని రాసి పంపాడు. ఇందాక సభలో లేదని చెప్పింది అబద్ధమని అతనికి తెలుసు. ఇప్పుడు ఉందని చెప్పింది ఏమిటో అతనికి తెలియదు.